రెండు విడతల ఊపిరి

కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఆమెకు ఉండేది గానీ, కార్ఖానాలో ఎవరూ దాని జోలికి పోలేదు. ఇరవై ఆరేళ్ళు సానచక్రం ముందు కూర్చున్న మనిషి కాబట్టి సానక్క అయిపోయింది. వయసులో ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా సానక్కా అనే పిలిచేవారు. మేస్త్రీ హాజరు పుస్తకంలో సైతం అలాగే రాసుకునేవాడు.

రాళ్ళకు మెరుగు పెట్టడం ఆమె పని. రేకుల కప్పు కింద రెండు వరసల్లో పన్నెండు చక్రాలు. గరుకు చక్రం మీద రాయికి ఆకారం వస్తుంది, సన్న చక్రం మీద నునుపు తేలుతుంది, ఆఖరున తోలు చక్రం మీద మెరుపు పుడుతుంది. ప్రతి చక్రం మీదికీ వేలెడు లావు గొట్టం, దానికో చిన్న కుళాయి. చక్రం తిరుగుతున్నంతసేపూ రాయి మీద నీళ్ళు పడుతూనే ఉండాలి. అప్పుడు అరిగిన రాయి గాల్లోకి లేవకుండా బురదై కిందికి జారిపోతుంది.

సానక్క వేళ్ళ కొసలు ఏనాడో అరిగిపోయాయి. ఎక్కడ వేలిముద్ర వేయమన్నా యంత్రం ఆమెను మనిషిగా ఒప్పుకునేది కాదు. "నేను దొంగతనం చేసినా నన్ను పట్టుకోలేరర్రా" అని నవ్వేది. ముద్రల్లేని ఆ వేళ్ళే వెంట్రుకలో సగం మందం గీతను కూడా పట్టేవి. కళ్ళు మూసుకుని రాయంతా ఓసారి తడిమి "ఇదిగో, ఇక్కడ" అనేది. అద్దం పెట్టి చూస్తే అక్కడే ఉండేది.

ఎడమపక్క చక్రం ఆమె చెల్లెలిది. ఎనిమిదేళ్ళు చిన్నది. పెళ్ళయిన నాలుగేళ్ళకు మొగుడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే, పిల్లను చంకనేసుకుని అక్క గుమ్మం తొక్కింది. సానక్కకు పెళ్ళీ పెటాకులూ లేవు. "ఏడుస్తూ కూర్చుంటే ఏమొస్తుందే? నా పక్కన చక్రం ఖాళీగా ఉంది. రేపటినుంచి నాతో రా" అంది. చక్రం ముందు ఎలా కూర్చోవాలో, రాయిని ఎంత ఒత్తాలో, అన్నీ తనే నేర్పింది.

తొమ్మిదేళ్ళ కిందట ఒక చలికాలం, ఎక్కడో కడుతున్న పెద్ద భవనానికి దీపాల గుత్తులు కావాలని మూడు వేల స్ఫటికపు గుండ్ల పని వచ్చింది. గడువు నెత్తిమీదికొచ్చింది. నీళ్ళు మంచులా ఉండేవి, వేళ్ళు కొంకర్లు పోయేవి. పైగా నీటి పొర కింద గీత కనపడదు. తుడిచి చూసి, మళ్ళీ తడిపి, మళ్ళీ తుడిచి, ప్రాణం విసిగిపోయేది. ఒకరోజు సానక్క తన కుళాయి కట్టేసింది. పొడి చక్రం మీద గీత అద్దంలో మొహంలా కనిపించింది. పని రెండింతలు సాగింది. అప్పుడామె ఎడమచెయ్యి చాచి చెల్లెలి కుళాయి కూడా కట్టేసింది.

"చూడవే, ఎంత తొందరగా అవుతుందో."

అయింది. గడువుకు ముందే అయింది. ఆ గుండ్లు వెళ్ళిపోయాక కూడా ఆ కుళాయిలు మళ్ళీ తిరగలేదు. ఐదేళ్ళు అక్కచెల్లెళ్ళు పొడిగానే అరగదీశారు. సాయంత్రానికి కనుబొమలూ రెప్పలూ తెల్లబడేవి. ఒకరినొకరు చూసుకుని "ముసలమ్మలం అయిపోయామే" అని పగలబడి నవ్వుకునేవారు. మేస్త్రీ చూశాడు, చూడనట్టే ఊరుకున్నాడు.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి చెల్లెలు అడిగింది. "అక్కా, గొంతులో గరగరలాడుతోంది. నీళ్ళు తిప్పుకోనా?"

"ఈ గంప అయిపోనీ, తిప్పుకుందువుగాని" అంది సానక్క, చేతిలో రాయి మీంచి తల ఎత్తకుండానే.

గంపలు అయిపోయేవి కావు. చెల్లెలు మళ్ళీ అడగలేదు.

జబ్బు తెలిసేసరికే చెయ్యి దాటిపోయింది. ఆఖరి ఎనిమిది నెలలూ చెల్లెలు పడుకోలేక, గోడకు జారబడి కూర్చునే రోజులు గడిపింది. ఊపిరిని ఒక్క దమ్ములో లోపలికి తీసుకోలేకపోయేది. సగం పీల్చి ఆగేది. ఎక్కడో మెట్టు తగిలినట్టు ఆగి, మిగతా సగం పీల్చేది. వదిలేటప్పుడు మాత్రం ఒక్కసారిగా, చేతిలోంచి ఏదో జారిపోయినట్టు వదిలేసేది. రెండు విడతలు లోపలికి, ఒక్క విడత బయటికి. ఇంటికంతటికీ వినపడేది.

ఆమె పోయి నాలుగేళ్ళయింది. పోయిన మర్నాడే సానక్క పనిలోకి వెళ్ళి, మొట్టమొదట కుళాయి తిప్పింది. ఆ తర్వాత ఒక్కరోజు కూడా కట్టలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. కానీ చక్రం ఆపినప్పుడు అది తిరగడం మానే ఆ చివరి నిమిషంలో, బస్సు మలుపు తిరిగేటప్పుడు, పక్కింటివాళ్ళు తలుపు ఈడ్చినప్పుడు, ఆ రెండు విడతలూ వినపడుతూనే ఉండేవి. వినపడినప్పుడల్లా ఆమె ఎడమచెయ్యి ముడుచుకుపోయేది.

చెల్లెలి కూతురు ఆమె దగ్గరే ఉంటుంది. ఇరవై రెండేళ్ళు. ఇంటి ముందు గదిలో జిరాక్స్ కొట్టు పెట్టుకుంది. నోరు గట్టిదీ మనసు మెత్తనిదీ. పెద్దమ్మ అంటే ప్రాణం. తల్లి కుళాయి ఎవరు కట్టేశారో ఆ పిల్లకు తెలియదు.

ఇలా ఉండగా కార్ఖానాకు ఒకామె వచ్చింది. నలభై దాటినావిడ, నడుస్తుంటే నడుం ఒక పక్కకు కొంచెం ఒరిగేది. ఆర్టిస్టునని చెప్పుకుంది కాబట్టి అందరికీ ఆర్టిస్టమ్మ అయింది. సంచీలోంచి అరచెయ్యంత ఏటిరాయి తీసి మేస్త్రీ బల్ల మీద పెట్టింది.

"ప్రమాదంలో నడుం దెబ్బతిని ఏడాదిపాటు మంచంలో ఉన్నాను. ఈ రాయి చేతిలో పట్టుకుంటేనే నిద్ర పట్టేది. ఇప్పుడు ఇలాంటివి పెద్దవి చేయించాలి. జనం వచ్చి ఒళ్ళు ఆనించాలి."

"ఆనించడమా?" అన్నాడు మేస్త్రీ. "రాళ్ళు చూసుకోడానికి గదా అమ్మా, మంచం అనుకున్నారా?"

"చూడ్డానికి కాదు. దీపాలు కూడా తక్కువే ఉంటాయి. నుదురు ఆనించే రాయి ఒకటి, మెడ వెనక పెట్టుకునేది ఒకటి, చెప్పులు విప్పి నడిచే రాళ్ళు, ఒళ్ళో పెట్టుకునే రాయి. ఎవరి చేతులు మంచివి మీ దగ్గర?"

పదకొండు వేళ్ళు సానక్క వైపు చూపించాయి.

ఐదు నెలలు పట్టింది. సానక్క జన్మలో అంత ఇష్టంగా పని చేయలేదు. నుదురు రాయికి గుంట తవ్వడానికి కార్ఖానాలో అందరి నుదుళ్ళూ అరచేత్తో కొలిచింది. ఒళ్ళో పెట్టుకునే నల్లరాయిని తూకం వేయలేదు. చెల్లెలి కూతురికి మూడు నెలలున్నప్పటి బరువు తన మోచేతికి గుర్తుంది, అంతకు వచ్చేదాకా అరగదీసింది. ఆఖరిది స్ఫటికం. పాలు కలిపిన నీళ్ళలా మసకగా, మనిషి కౌగిలికి సరిపడేంత ఉంది. ముందు వైపు ఛాతీ ఆనేలా లోతు లేని గుంట. వెనక వైపు, కావలించుకుంటే అరచేతులు వెళ్ళి కూర్చునేలా రెండు చిన్న గుంటలు. ఆర్టిస్టమ్మ దానికి ఊపిరిరాయి అని పేరు పెట్టింది.

పాత గోదాము ఒకటి శుభ్రం చేయించి అక్కడ అన్నీ నిలబెట్టారు. తీగలు లాగే మనిషి, అందరూ కరెంటాయన అనేవారు, ఊపిరిరాయి అడుగున దీపం పెట్టాడు. ఛాతీ గుంట వెనక కంటికి కనపడని పలక ఏదో అమర్చాడు. మనిషి రాయిని కావలించుకుని ఊపిరి పీలిస్తే లోపల వెలుగు లేస్తుంది. వదిలితే దిగుతుంది. అంతే. అంతే గానీ, మొదటిసారి తన ఛాతీ కింద స్ఫటికం తెల్లవారినట్టు వెలగడం చూసి సానక్కకు ఒళ్ళు జలదరించింది.

ఒళ్ళు తగిలిన రాయికి జిడ్డు పడుతుంది. జిడ్డు తుడవడం చేతగానివాళ్ళు తుడిస్తే గీతలు పడతాయి. అందుకని మూడు నెలల ప్రదర్శనకు సానక్కనే కాపలాగా పెట్టుకుంటానని ఆర్టిస్టమ్మ మేస్త్రీని ఒప్పించింది. పొద్దున తొమ్మిదికి తాళం తీయడం, సాయంత్రం ఆరుకు అందరినీ పంపించి తలుపులు మూసి, రాళ్ళన్నీ మెత్తటి గుడ్డతో తుడవడం ఆమె వంతు.

జనం మొదట ముట్టుకోవడానికి మొహమాటపడేవారు. ఎక్కడ చూసినా ముట్టుకోవద్దనే బోర్డులకు అలవాటుపడ్డ ప్రాణాలు. సానక్కే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆనించేది. కళ్ళు మూసుకుని రాళ్ళ మీద నడుస్తూ ఒక పెద్దాయన చక్కిలిగింతలకు చిన్నపిల్లాడిలా కేరింతలు కొట్టాడు. ఒకావిడ నల్లరాయిని ఒళ్ళో పెట్టించుకుని, గంటసేపు కదలకుండా కూర్చుని, వెళ్ళేటప్పుడు దాని మీద దుప్పటి కప్పాలా అని అడిగి నాలుక కరుచుకుంది. ఆ రోజు సానక్క ఆ రాయిని అన్నిటికన్నా ఆఖరున తుడిచింది.

మూడో వారంలో ఒక పొద్దున ఆమె తాళం తీసి, గోడ మీద పెద్ద స్విచ్చి వేసి, బాల్చీ పట్టుకుని తిరిగేసరికి ఊపిరిరాయి వెలుగుతోంది. దగ్గర ఎవరూ లేరు. వెలుగు సగం దాకా లేచింది. ఆగింది. మెట్టు ఎక్కినట్టు మిగతా సగం లేచింది. తర్వాత ఒక్కసారిగా చప్పున దిగిపోయింది.

మళ్ళీ సగం. ఆగడం. మళ్ళీ సగం. చప్పున చీకటి.

సానక్క నడకరాళ్ళ మీద కూలబడింది. ఎంతసేపు అలా చూసిందో ఆమెకే తెలియదు. చివరికి చాలా మామూలుగా, గుమ్మంలో నిలబడ్డ మనిషిని పలకరించినట్టు, "వచ్చావా?" అంది.

రాయి రెండు విడతలుగా పీల్చి, ఒక్కసారిగా వదిలింది.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ప్రతి పొద్దునా అదే. మొదటి మనిషి వచ్చి రాయిని కావలించుకోగానే ఆ ఊపిరి పోయి, ఆ మనిషి ఊపిరి వచ్చేది. ఆ రోజుకు ఇక చెల్లెలు ఉండేది కాదు. సాయంత్రాలు తలుపులు మూశాక సానక్క ఆ రాయిని అన్నిటికన్నా ఎక్కువసేపు తుడవసాగింది. వెనక గోడ అడ్డం కాబట్టి, అరచేతుల గుంటలు తుడవాలంటే ముందునుంచే కావలించుకుని చేతులు చాచాలి. అలా చెంప ఆనించి, తుడవడం అయిపోయాక కూడా గుడ్డ పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉండిపోయేది. "కుళాయి సంగతి నీకు గుర్తుందా?" అని అడగాలని నోటిదాకా వచ్చేది. అడిగేది కాదు.

తనకు పిచ్చెక్కిందేమోనన్న అనుమానం వచ్చాక, నాలుగోరోజు చెల్లెలి కూతురితో అంది. "రేపు కొట్టు తెరవకముందు ఒకసారి నాతో గోదాముకు రావే."

"ఏంటి పెద్దమ్మా, రాళ్ళు మోయాలా?"

"చూద్దువుగాని, రా."

ఆ పిల్ల చూసింది. రెండోసారి వెలుగు ఆగి లేచేసరికి చేతిలో తాళంచెవులు కింద పడ్డాయి. ఎనిమిది నెలలు ఆ ఊపిరి పక్కన పడుకున్న పిల్ల. చెప్పాల్సిన పని లేకపోయింది.

"అమ్మ" అంది. తాళంచెవులు తీసుకోకుండానే, "ఎలా పెద్దమ్మా?" అంది.

"నాకేం తెలుసమ్మా."

పిల్ల రెండు చేతులూ చాచి రాయి దగ్గరికి వెళ్ళింది. సానక్క గబుక్కున భుజం పట్టుకుంది. "ఆనకు! ఆనితే పోతుంది. నీ ఊపిరి వచ్చేస్తుంది." పిల్ల బెత్తెడు దూరంలో ఆగిపోయింది. తల్లిని కావలించుకుంటే తల్లి పోతుందని అర్థమై అక్కడే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ తర్వాత రోజూ వచ్చేది. కొట్టు తెరిచేముందు అరగంట, రాయి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని కబుర్లు చెప్పేది. జిరాక్స్ మిషను మళ్ళీ మొరాయిస్తోందనీ, ఎదురింటావిడ తన కూతురి పెళ్ళిపత్రిక మూడుసార్లు తప్పు రాసిచ్చి తననే తిట్టిందనీ. నాలుగేళ్ళుగా బిగబట్టుకున్న మాటలు. తల్లి పోయాక ఆ పిల్ల మొహంలో అంత కళ సానక్క చూడలేదు. ఆ కళను చూస్తూ నేల తుడుస్తున్న ఆమె తుడిచిన చోటే మళ్ళీ తుడిచేది. ఈ పిల్ల ఎవరితో మాట్లాడుతోందో ఆ మనిషిని తీసుకుపోయిన చెయ్యే ఈ బాల్చీ పట్టుకుని ఉంది గదా అనిపించేది.

నెల గడిచాక ఒక మధ్యాహ్నం కరెంటాయన ఏదో దీపం మార్చడానికి వచ్చాడు. సానక్క అటూ ఇటూ తచ్చాడి, ఉండబట్టలేక అడిగింది.

"పొద్దున్నే ఎవరూ లేకుండానే వెలుగుతుంది కదయ్యా ఈ రాయి. అది ఎవరి ఊపిరి?"

"ఓ, అదా? మీకు చెప్పలేదా?" అన్నాడతను. "తలుపు తీయగానే రాయి చచ్చినట్టు ఉంటోందని మేడమ్ గొడవ పెట్టింది. అందుకని ముందురోజు ఎవరు ఎక్కువసేపు ఆనుకుంటే వాళ్ళ ఊపిరి దాచిపెట్టి, పొద్దున అదే ఆడేలా చేశాను."

సానక్కకు సగమే అర్థమైంది. "ఎక్కువసేపు ఆనుకున్నది ఎవరు మరి?"

అతను సంచీలోంచి ఫోనులాంటి చిన్న తెర తీసి వేలితో పైకి తోశాడు. "సాయంత్రం ఆరున్నర. నిన్న కూడా ఆరున్నరే. మొన్నా అంతే. నెల నుంచీ ఒకే మనిషి. ఆరింటికి తలుపులు మూసేస్తారు కదా, ఆ తర్వాత లోపల ఉండేది…" అని ఆగి తలెత్తాడు. "మీరే కదక్కా."

ఆమె తెర వైపు వంగింది.

"మొదట్లో నా మిషనే తప్పనుకున్నాను. అందరి గీతా ఒకేలా లేచి దిగుతుంది. మీదాంట్లో మధ్యలో మెట్టులా ఉంది, చూడండి. మీకు ఆయాసం ఉందా అక్కా?"

ఆయాసమా? మెట్లెక్కితే ఆగుతోంది, వయసనుకుంది. బాల్చీ రెండు చేతులతో మోస్తోంది, అలసట అనుకుంది. తన ఊపిరి తనకు వినపడలేదు. నాలుగేళ్ళుగా చెవుల్లో చెల్లెలి ఊపిరి మోగుతుంటే, అందులో తనది ఎప్పుడు వచ్చి కలిసిందో ఎలా తెలుస్తుంది?

కరెంటాయన వెళ్ళిపోయాక ఆమెకు మొదట వచ్చింది భయం కాదు. చెల్లెలు ఇక్కడ లేదు, ఎప్పుడూ లేదు అన్నదే వచ్చింది. నాలుగేళ్ళ కిందట ఏడవని ఏడుపంతా ఆ నడకరాళ్ళ మీద కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత వచ్చింది చెల్లెలి కూతురి మొహం.

చెప్పకుండా ఉండొచ్చు. సాయంత్రం తను రాయిని కావలించుకుంటే చాలు, పొద్దున ఆ పిల్లకు తల్లి ఉంటుంది. రెండు రోజులు అలాగే చేసింది కూడా. మూడో రోజు పొద్దున తలుపు దగ్గర తుడుస్తుండగా ఆ పిల్ల రాయితో అంటున్న మాట చెవిన పడింది.

"పెద్దమ్మ ఈమధ్య నీలాగే దగ్గుతోందమ్మా. డాక్టరు దగ్గరికి పద అంటే నీళ్ళు నములుతోంది. నా మాట వినదు. నువ్వైనా చెప్పు."

సానక్క గుడ్డ కింద పెట్టేసింది. వెళ్ళి ఆ పిల్లకూ రాయికీ మధ్య నిలబడింది.

"అది మీ అమ్మ కాదే. నేను."

అంతా చెప్పింది. కరెంటాయన చూపించిన గీత చెప్పింది. అక్కడితో ఆపేస్తే ఆపేయొచ్చు, ఆపలేదు. మూడు వేల గుండ్ల సంగతీ, తన కుళాయీ, ఎడమచెయ్యి చాచడమూ, గొంతులో గరగర అని అడగడమూ, గంప అయిపోనీ అనడమూ, ఏదీ తగ్గించకుండా చెప్పింది. వెనక రాయి రెండు విడతలుగా వెలిగి ఆరుతూనే ఉంది.

పిల్ల అడిగింది. "అమ్మ ఎన్నిసార్లు అడిగింది?"

"ఒక్కసారే."

"ఒక్కసారి అడిగితే వద్దన్నావు."

"ఆఁ."

"ఇదంతా నాకు చెప్పకపోతే నీకేం పోయేది పెద్దమ్మా?" అంది పిల్ల, గొంతు చీల్చుకుంటూ. "రోజూ పొద్దున అరగంట. అంతే కదా నేను తీసుకుంది."

పిల్ల లేచి వెళ్ళిపోయింది.

పదకొండు రోజులు ఆ ఇంట్లో మాట లేదు. వంట అయ్యేది, కంచాలు కడిగేవారు, ముందు గదిలో జిరాక్స్ మిషను గరగరా తిరిగేది. పెద్దమ్మ గదిలోకి వస్తే పిల్ల మరో గదిలోకి వెళ్ళేది. అసలే రెండు గదుల ఇల్లు. ఒకరినొకరు తప్పించుకోవడానికి ఎంత తిరగాలో అంతా తిరిగారు. సానక్క తన ఊపిరి వినపడకుండా ఉండాలని నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని పడుకునేది. ఇప్పుడది ఆమెకు బాగా వినపడుతోంది.

పన్నెండో రోజు పిల్ల గుమ్మంలో నిలబడి, గోడ వైపు చూస్తూ అంది. "ఎక్స్‌రేకి రాయించాను. ఎనిమిదింటికల్లా ఉండాలి. నిన్ను క్షమించాననుకోకు."

"అనుకోనులే."

"చెప్పులు వేసుకో మరి."

ఆసుపత్రిలో డాక్టరు ఫిలిం వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. తెల్లటి చుక్కలు, అటూ ఇటూ, చల్లినట్టు.

"రాతి పని ఎన్నేళ్ళు చేశారు?"

"ఇరవై ఆరేళ్ళండి."

"నీళ్ళు పోసుకుంటూనా, పొడిగానా?"

సానక్క నోరు తెరవబోయింది. పిల్లే చెప్పింది. "ఐదేళ్ళు పొడిగా. మిగతాదంతా నీళ్ళతో."

లోపల పేరుకున్న పొడి బయటికి రాదని డాక్టరు దాచకుండా చెప్పాడు. కానీ దుమ్ముకు దూరంగా ఉంటే, మందులు సరిగ్గా వాడితే చాలా ఏళ్ళు లాగొచ్చన్నాడు. ఆ ఐదేళ్ళ తర్వాత నీళ్ళు తిప్పుకుని పని చేయడం మంచిదైందన్నాడు. సానక్క తల వంచుకుని వింది. నీళ్ళు తిప్పింది చెల్లెలు పోయాక. అంటే తనకు మిగిలిన ఏళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో లెక్క కట్టనక్కర్లేదు. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఆ మాటే పిల్లతో అంది. పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ, "తెలుసు. నువ్వు మాట్లాడకు, ఆయాసం వస్తుంది" అంది.

ఆర్టిస్టమ్మకు విషయం తెలిసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆమె మనసు మంచిదే గానీ, మంచి మనసుకు కూడా ఒక్కోసారి అత్యాశ పుడుతుంది. ఆ ఊపిరిని శాశ్వతంగా రాయిలో ఉంచేస్తాననీ, ఎవరిదో పక్కన బోర్డు మీద రాయిస్తాననీ, ఎన్ని ఊళ్ళు తిరిగినా జనం చూసి తెలుసుకుంటారనీ బతిమాలింది.

"వద్దమ్మా" అంది సానక్క. "నా ఊపిరి నాకే చాలడం లేదు. ఊరూరికీ పంచిపెట్టడానికి ఎక్కడిది? తీసేయించండి."

తీసేసే రోజు పిల్ల కూడా వచ్చింది. పిలవలేదు, తనే వచ్చింది. కరెంటాయన తెర తీసేసరికి "ఒక్క నిమిషం ఆగండి" అని రాయి దగ్గరికి వెళ్ళింది. ఇన్నాళ్ళూ బెత్తెడు దూరంలో ఆగిపోయిన పిల్ల, ఈసారి రెండు చేతులూ చుట్టి ఛాతీ ఆనించింది. వెలుగు లేచింది. సగంలో ఆగలేదు. అడుగునుంచి పైదాకా ఒకే ఊపులో, ఎక్కడా మెట్టు లేకుండా లేచి, నిదానంగా, నిండుగా దిగింది. సానక్క అది పదిసార్లు లెక్కపెట్టింది. పదిసార్లూ అలాగే లేచింది. అప్పుడు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

ప్రదర్శన వేరే ఊరికి వెళ్ళిపోయింది. సానక్క మళ్ళీ చక్రం ముందు కూర్చోలేదు. జిరాక్స్ కొట్టులో కాగితాలు సర్దుతూ, పిన్నులు కొడుతూ ఉంటుంది. పిల్ల మాట్లాడుతుంది. మునుపటిలా కాదు. మధ్యలో ఎక్కడో ఆగి, ఇంకేదో అనబోయి మానేస్తుంది. అది ఎన్నాళ్ళుంటుందో సానక్క అడగదు.

వారానికొకసారి మాత్రం, మధ్యాహ్నం భోజనాల వేళకు చక్రాలు ఆగి దుమ్ము కిందికి దిగాక, కార్ఖానాకు వెళ్తుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు పన్నెండు చక్రాల్లో ఏడింటికి కుళాయి కట్టేసి ఉంది. ఆమె ఎవరినీ కసురుకోలేదు. వరసగా నడుస్తూ ఏడూ తిప్పింది. తర్వాత అందరి మధ్యా కూర్చుని, తను చేసిన పని చెప్పింది, ఎక్స్‌రే తీసి చూపించింది. మేస్త్రీ ఎదుటే చెప్పింది. ఆ వారం మేస్త్రీ కుళాయిల పిడులు ఊడబీకించాడు, ఎవరూ కట్టేయడానికి వీల్లేకుండా.

మొన్న వెళ్ళినప్పుడు, కొత్తగా చేరిన ఒకామె అడిగింది. "మీ చెల్లెలు పనిలో మీలాగే ఉండేదా అక్కా?"

ఇన్నేళ్ళలో చెల్లెలు ఎలా పోయిందనే తప్ప, ఎలా ఉండేదని ఎవరూ అడగలేదు. సానక్క ఆమె వైపు తిరిగి కూర్చుంది.

"నాలాగానా? దానంత బద్ధకస్తురాలు ఈ రేకుల కింద పుట్టలేదు" అంది. "ఒకసారి కోడిగుడ్డంత పచ్చరాయి చేతిలో పట్టుకుని, చక్రం తిరుగుతుండగానే కునుకు తీసింది. నేను చూసేసరికి రాయి బటాణీ గింజంతైంది. మేస్త్రీ వస్తే, మీరిచ్చిందే ఇంతండీ అని ఒట్టు పెట్టింది."

ఆడవాళ్ళందరూ విరగబడి నవ్వారు. పెద్దమ్మను తీసుకెళ్ళడానికి వచ్చిన పిల్ల వాకిట్లోనే ఆగి వింటోంది. ఈ సంగతి ఆమె ఎప్పుడూ వినలేదు. లోపలికి వచ్చి, తల్లి కూర్చునే పీట ఖాళీగా ఉంటే దాని మీద కూర్చుంది.

"మేస్త్రీగారు నమ్మారా?" అంది.

"నమ్మలేదు. కానీ ఆ బటాణీ రాయి ఇప్పటికీ ఆయన సొరుగులోనే ఉంటుంది, కావాలంటే అడుగు."

అందరూ మేస్త్రీ వైపు తిరిగారు. ఆనాడు కుళాయిలు కట్టేసి ఉన్నా చూడనట్టు ఊరుకున్న ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. జేబులు తడుముకుంటూ, ఏదో వెతుక్కోవడానికన్నట్టు తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. లోపల సొరుగు లాగిన చప్పుడు వినపడింది. భోజనాల వేళ అయిపోయినా, చక్రాలు తిప్పమని కేకేయడానికి బయటికి రాలేదు.